గోవును చంపి చెప్పుల దానం: కాలేజీ చదువుకు పన్ను రాయితీ

అమెరికాలో కాలేజీ ఫీజు కట్టిన కుటుంబానికి ప్రభుత్వం పన్నులో కొంత సొమ్ము వదిలిపెడుతుందనే సంగతిని మన విద్యావంతులు ఈమధ్య తరచుగా ప్రస్తావిస్తున్నారు. పిల్లలు అక్కడ స్థిరపడిన పెద్దలు ఈ మాటను మరీ మురిపెంగా చెబుతారు. "పెట్టుబడిదారీ దేశమని మీరు తిట్టే దేశం చదువుకునేవాడికి ఎదురు డబ్బిస్తున్నది. ఫీజులు రద్దు చెయ్యాలని జెండాలు పట్టుకు తిరిగేకంటే ఇలాంటి రాయితీ ఏదో అడిగి పుచ్చుకుంటే బాగుండదా?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న అడిగేవాళ్ళంతా అభివృద్ధి నిరోధకులే అయితే దీని గురించి ఇంత రాయవలసిన పని లేదు. మన ఉపాధ్యాయ మిత్రులలో కూడా చాలామందికి ఈ మాట నచ్చుతున్నది. ప్రతి బడ్జెటుకు ముందూ మనం రాసుకునే కోరికల జాబితాలో పన్ను మినహాయింపు పెంచమనే కోరిక పైన ఉంటున్నది, ఫీజుల మాట ఎక్కడో అడుగున ఉంటున్నది. అందుచేత ఈ రాయితీ స్వరూపమేమిటో, అది ఎవరికి అందుతుందో, ఎవరి నోరు మూయిస్తుందో నిదానంగా పరిశీలించడం అవసరం.

దీని పేరు టాక్సు క్రెడిట్. ఒక కుటుంబం ఆదాయం మీద పడే పన్నును లెక్కగట్టిన తర్వాత, ఆ పన్నులోనుంచి ఇంత మొత్తమని తీసివెయ్యడమే క్రెడిట్. అధ్యక్షుడు క్లింటన్ దీనిని 1996 జూన్‌లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ప్రతిపాదించాడు. అది ఎన్నికల సంవత్సరం. కలిగినవారి పిల్లలకు పేరుపడ్డ ఆ విశ్వవిద్యాలయాన్ని ఇందుకు ఎంచుకోవడం కాకతాళీయమే కావచ్చు గాని, వేదిక మాత్రం సరిగ్గానే కుదిరింది. 1997లో అది చట్టమయింది. "హోప్" అనే క్రెడిట్ కింద కాలేజీ చదువు మొదటి రెండేళ్ళకూ ఏడాదికి 1,500 డాలర్ల వరకు వదిలారు. "లైఫ్‌టైమ్ లెర్నింగ్" అనే మరో క్రెడిట్ కింద ఒక పరిమితికి లోబడి ఫీజులో అయిదో వంతు వదిలారు. 2009లో, ఆర్థిక సంక్షోభం నడుస్తుండగా, ఒబామా ప్రభుత్వం హోప్ స్థానంలో "అమెరికన్ ఆపర్చునిటీ" అనే క్రెడిట్‌ను తెచ్చింది. 2015లో దాన్ని శాశ్వతం చేశారు. ఫీజులు, పుస్తకాల ఖర్చులో మొదటి 2,000 డాలర్లు పూర్తిగానూ, తర్వాతి 2,000 డాలర్లలో నాలుగో వంతూ, వెరసి 2,500 డాలర్ల దాకా, నాలుగేళ్ళపాటు ఈ క్రెడిట్ కింద పన్నులో తగ్గుతుంది.

కాగితం మీద చూస్తే ఇది ఉదారంగానే ఉన్నది. కాగితం మీదినుంచి దించి రెండు ఇళ్ళలో పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం ఊహించుకున్న ఇళ్ళు. లెక్క మాత్రం చట్టంలోదే. మొదటి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 1,60,000 డాలర్లు వస్తాయి. కూతురి కాలేజీకి 4,000 డాలర్లు కట్టారు. వారికి 2,500 డాలర్లూ పూర్తిగా వస్తాయి. రెండో ఇంట్లో తల్లి ఒక్కతే, హోటల్లో గిన్నెలు కడుగుతుంది. ఆమెకు వచ్చే కూలి మీద ఆదాయపు పన్ను పడదు. ఆమె కూడా అప్పో సొప్పో చేసి కొడుకు కాలేజీకి అదే 4,000 డాలర్లు కట్టిందనుకుందాం. తగ్గించడానికి పన్నే లేదు కనక, క్రెడిట్‌లో నూటికి నలభై వంతులు మాత్రమే నగదుగా ఇస్తామని చట్టం అంటుంది. అంటే 1,000 డాలర్లు. ఒకే ఫీజు కట్టిన ఇద్దరిలో ఉన్నవారికి 2,500, లేనామెకు 1,000!

ఈ వెయ్యి కూడా 2009 తర్వాతి దయ. హోప్ అంటే ఆశ. ఆ ఆశ అమలులో ఉన్న పదకొండేళ్ళూ పన్ను పడని ఇంటికి అందులోనుంచి దమ్మిడీ రాలేదు. మరి 2009లో ఆ తల్లికి వెయ్యి విదిలించిన చేత్తోనే ప్రభుత్వం ఇంకొక పని కూడా చేసింది. హోప్ చట్టం మొదలైనప్పుడు దంపతుల ఆదాయం 1,00,000 డాలర్లకు చేరితే రాయితీ పూర్తిగా ఆగిపోయేది. కొత్త చట్టం ఆ హద్దును 1,80,000 డాలర్లకు జరిపింది. కింది మెట్టు మీద ఉన్నవాడికి చెయ్యి అందించామని చెప్పుకుంటూ పై మెట్టు మీద ఉన్నవాడికి పీట వేశారు.

ఇంతకూ ఆ తల్లికి వెయ్యి డాలర్లయినా చేతికి వస్తాయా? బీద విద్యార్థులకు అక్కడ పెల్ గ్రాంటు అనేది ఉన్నది. 1972లో పుట్టిన ఈ గ్రాంటు గరిష్ఠ మొత్తం 2024-25లో 7,395 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీలో చేరిన బీద కుర్రవాడి ఫీజుకు చాలాచోట్ల ఇది సరిపోతుంది. గ్రాంటుతో కట్టిన ఫీజుకు క్రెడిట్ ఉండదని చట్టం. కనక అతని క్రెడిట్ సున్న. ఫీజు గ్రాంటే కడుతున్నప్పుడు మళ్ళీ రాయితీ దేనికి అని విజ్ఞులు అడగవచ్చు. ఆ కుర్రవాడు ఎక్కడో తల దాచుకోవాలి, రెండు పూటలా తినాలి, బస్సు ఎక్కాలి. చదువు కోసం మానుకున్న కూలిడబ్బును ఏదో విధంగా పూడ్చుకోవాలి. అతని చదువుకు నిజంగా అయ్యే ఖర్చులో పెద్ద భాగం ఇదే. ఈ చట్టం దృష్టిలో ఇల్లద్దె చదువు ఖర్చు కాదు, అన్నం చదువు ఖర్చు కాదు. గ్రాంటులో కొంత భాగాన్ని ఆదాయంగా చూపించుకుని, దానికి పన్ను పడితే పడనిచ్చి, ఫీజును చేతి సొమ్ముతో కట్టినట్టుగా లెక్క రాసుకుంటే క్రెడిట్ దొరికే సూక్ష్మమైన దారి ఒకటి ఉన్నమాట నిజమే. గిన్నెలు కడిగే తల్లికి ఆ దారి చూపించే ఆడిటరు ఎక్కడున్నాడు?

పైగా, ఫీజు కట్టవలసింది ఆగస్టులో. క్రెడిట్ చేతికి వచ్చేది మరుసటి సంవత్సరం పన్ను రిటర్ను దాఖలు చేసిన తర్వాత. ఆకలితో ఉన్నవాడిని పట్టుకుని, "ముందు నువ్వు భోజనం కొనుక్కు తిను, రసీదు భద్రంగా దాచుకో, వచ్చే ఏడు కొంత డబ్బు ఇస్తాను" అంటే ఎలా ఉంటుంది? అతని దగ్గర భోజనానికి డబ్బుంటే ఆకలితో ఎందుకున్నాడు? ఎలాగైనా ఫీజు కట్టగలవాడికి, కట్టిన తర్వాత ఇచ్చే బహుమానం ఈ రాయితీ. కట్టలేనివాడికి ఇది ఒక వార్త మాత్రమే.

ఈ చట్టంలో మరొక నిబంధన ఉన్నది. మాదకద్రవ్యాల కేసులో పెద్దనేరం కింద శిక్షపడ్డ విద్యార్థికి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ లేదు. మరే నేరానికీ ఈ నిషేధం లేదు. దొంగలెక్కలు రాసి బ్యాంకును ముంచి జైలుకు వెళ్ళివచ్చినవాడు కాలేజీలో చేరినా ఈ క్రెడిట్‌కు అనర్హుడు కాడు. మత్తుమందు కేసుల్లో అమెరికాలోని నల్లజాతి యువకులను ఎంత విరివిగా జైళ్ళకు తోశారో తెలిసినవారికి, ఈ ఒక్క నేరాన్నే ఏరి పట్టుకోవడంలోని మర్మం వేరే చెప్పనక్కరలేదు. జైలునుంచి బయటపడి, చదువుకుని మనిషిగా నిలబడదామనుకున్న పిల్లవాడికి "అవకాశం" అనే పేరున్న చట్టం తలుపు మూసింది.

పోనీ, ఇన్ని లోపాలున్నా ఈ రాయితీని చూసి కాలేజీ మొహం ఎరగని కొందరైనా చేరి ఉండాలి గదా? అలా చేరి ఉంటే లోపాలను సవరించమని అడగవచ్చు. జార్జ్ బుల్మన్, కారొలిన్ హాక్స్‌బీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పన్ను శాఖ రికార్డులనే ముందు పెట్టుకుని 2015లో ఈ విషయాన్ని పరిశీలించారు. వారు వామపక్ష ప్రచారకులేమీ కారు. కాలేజీలో చేరేవారి సంఖ్య మీద ఈ క్రెడిట్ల ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని వారు తేల్చారు. ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు మించి ఖర్చవుతున్నది. ఆ ఖర్చుతో కాలేజీకి కొత్తగా వచ్చినవారు దాదాపు లేరు. ఎలాగూ వచ్చేవారి ఇళ్ళకు మాత్రం కొంత సొమ్ము చేరింది. చదువు పెంచడానికి పెట్టిన పథకం చదువును పెంచకపోతే, దాన్ని ఇన్నేళ్ళుగా ఎందుకు మోస్తున్నారు? రెండు పెద్ద పార్టీలూ దీని జోలికి ఎందుకు పోవు? ఇది తెలియాలంటే రాయితీని వదిలి, ఫీజు దగ్గరికి వెళ్ళాలి.

అమెరికాలో ఫీజు ఆకాశం నుంచి ఊడిపడలేదు. న్యూయార్క్ నగరంలో ఉచిత విద్య కోసం 1847లో స్థాపించిన సంస్థ సిటీ కాలేజీగా, తర్వాత సిటీ యూనివర్సిటీగా పెరిగింది. కూలీల పిల్లలు, వలసవచ్చిన యూదుల పిల్లలు అక్కడ ఉచితంగా చదువుకున్నారు. దేశం అంతర్యుద్ధంలో తలమునకలైనప్పుడు ఫీజు లేదు. 1930ల మహామాంద్యంలో లేదు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ లేదు. 1970లో, విద్యార్థుల పోరాటం తర్వాత, హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ ఆ యూనివర్సిటీ తలుపులు తెరిచారు. నల్లజాతి విద్యార్థులు, పోర్టోరికన్ విద్యార్థులు పెద్దసంఖ్యలో లోపలికి వచ్చారు. 1976లో, నగరం దివాలా అంచున ఉన్నదని చెప్పి ఫీజు పెట్టారు. నూట ఇరవై తొమ్మిదేళ్ళపాటు భరించగలిగిన ఖర్చు, నల్లవారి పిల్లలు బెంచీల మీద కూర్చున్న ఆరేళ్ళకే భరించరానిదయింది!

కాలిఫోర్నియా కథ కూడా దీనికి తోడబుట్టినదే. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్థానిక విద్యార్థులకు ట్యూషన్ ఉండరాదనే సూత్రాన్ని 1960 నాటి విద్యాప్రణాళిక కూడా నిలబెట్టింది. క్యాంపస్‌లలో యుద్ధ వ్యతిరేకత రగులుతున్న రోజుల్లో గవర్నరైన రొనాల్డ్ రీగన్ ఫీజు కోసం పట్టుబట్టాడు. 1970లో పెట్టించాడు. ట్యూషన్ అనే మాట అనడానికి మొహం చెల్లక దానికి "విద్యా ఫీజు" అని పేరు పెట్టారు. అలా మొదలైన ఫీజు ఏమయిందో చూడండి. 2009 నవంబరులో ఆ విశ్వవిద్యాలయ పాలకులు ఏడాది ఫీజును 7,788 డాలర్లనుంచి 10,302 డాలర్లకు పెంచే తీర్మానం చేశారు. నూటికి 32 వంతుల పెంపు. విద్యార్థులు బర్కిలీలో హాలును ఆక్రమించారు, పోలీసుల లాఠీలు తిన్నారు. ఆ పెంపు ఎంత? 2,514 డాలర్లు. అదే సంవత్సరం కేంద్రప్రభుత్వం ఇచ్చిన క్రెడిట్ ఎంత? 2,500 డాలర్లు. ఈ రెండు అంకెలనూ ఎవరో కూర్చుని సరిచేశారని నేననడం లేదు. ఆ కుట్ర అవసరం కూడా లేదు. ఒక చేత్తో తీసుకుని మరొక చేత్తో ఇవ్వడం ఆ వ్యవస్థ సహజ స్వభావం. తీసుకోవడం అందరి దగ్గరా తీసుకుంటుంది. ఇవ్వడం మాత్రం పన్ను రిటర్ను వేసి రుజువు చూపగలవాడికి ఇస్తుంది. గోవును చంపి చెప్పులు దానం చెయ్యడమంటే ఇదే. ఆ చెప్పులు కూడా కాళ్ళకు బూట్లున్నవాడికే ముందు!

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సహాయం చెయ్యడానికి పెల్ గ్రాంటు ఉండనే ఉన్నది. 1970లలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ డిగ్రీ చదివే విద్యార్థికయ్యే మొత్తం ఖర్చులో, తిండి, ఇల్లద్దెలతో సహా, రమారమి మూడు వంతులు ఆ గ్రాంటు గరిష్ఠ మొత్తంతో గడిచిపోయేవి. ఇప్పుడు మూడో వంతు కూడా కష్టమే. కొత్త డబ్బు పెట్టదలిస్తే దానిలో పెట్టవచ్చు. కాలేజీలకే నేరుగా ఇచ్చి ఫీజులు తగ్గించమనవచ్చు. ఈ రెండూ మాని, వంకరదారిలో, పన్ను ఫారాల గుండా డబ్బు ఎందుకు పంపించారు?

ఇది ఆర్థికశాస్త్రంలో తేలే ప్రశ్న కాదు, రాజకీయాల్లో తేలుతుంది. బీదవాడికి గ్రాంటు ఉన్నది, ధనికుడికి ఆస్తి ఉన్నది. నడుమనున్న మధ్యతరగతి ఫీజుల కింద నలిగి కేకలు పెడుతున్నది. వాళ్ళకు ఓట్లున్నాయి, పత్రికలకు ఉత్తరాలు రాసే అలవాటున్నది. వాళ్ళు కనక "ఫీజు ఎందుకు?" అని అడగడం మొదలుపెడితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ పాలకుడికీ సాధ్యం కాదు. ఆ ప్రశ్నను "ఎంత తగ్గిస్తావు?" అనే బేరంలోకి మార్చడమే పన్ను రాయితీ చేసే పని. 1978లో ఇటువంటి క్రెడిట్ ప్రతిపాదన వచ్చినప్పుడు డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్షుడు కార్టర్ దాన్ని ఎదిరించి, దానికి బదులు గ్రాంటులనూ అప్పులనూ మధ్యతరగతి దాకా విస్తరించే చట్టం చేయించాడు. ఇరవై ఏళ్ళు తిరగకుండానే అదే పార్టీకి చెందిన మరొక అధ్యక్షుడు ఆ క్రెడిట్‌నే ఎన్నికల కానుకగా నెత్తికెత్తుకున్నాడు. ఈ నడుమ ఫీజులు పెరిగాయి, యూనియన్లు చితికిపోయాయి, ప్రభుత్వం నేరుగా ఖర్చుపెట్టడమే పాపమనే సిద్ధాంతం గద్దెనెక్కింది. ఖర్చు అన్నమాట వినబడకుండా ఖర్చుచెయ్యడానికి పన్ను రాయితీని మించిన ఉపాయం లేదు. అదే సమయంలో విద్యార్థి రుణాలు పెరిగి పెరిగి 1 లక్షా 70 వేల కోట్ల డాలర్లు దాటాయి. రాయితీ ఎంత గొప్పదో ఈ ఒక్క అంకె చెబుతున్నది.

ఇక్కడ మిత్రులు కొందరు ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు. "ఎంత కొద్దిదైనా రాయితీ రాయితీయే. విప్లవం వచ్చేదాకా జనాన్ని ఆ వెయ్యి డాలర్లు కూడా తీసుకోవద్దంటారా?" అని. ఎవరూ అలా అనడం లేదు. ఆ తల్లికి వెయ్యి డాలర్లు వస్తే రెండు నెలల వెచ్చాలు వస్తాయి. తీసుకోవలసిందే. రాయితీని పుచ్చుకోవడం వేరు, దాన్ని ఆశయంగా పెట్టుకోవడం వేరు. సమ్మెలో ఉన్న కార్మికుడు అప్పటికి దొరికిన బియ్యం వండుకుని తింటాడు. ఆ బియ్యమే తన డిమాండని యజమానికి రాసి ఇవ్వడు. ప్రతి చిన్న ఉపశమనాన్నీ ఈ కొలతతోనే చూడాలి. ఆ ఉపశమనం పోరాడేవారిని దగ్గరికి చేరుస్తున్నదా, విడగొడుతున్నదా? ఎనిమిది గంటల పనిదినం కార్మికులందరినీ ఒక్కచోటికి చేర్చింది. ఉచిత విద్య గిన్నెలు కడిగే తల్లినీ బడిపంతులునూ ఒక్కచోటికి చేరుస్తుంది. పన్ను రాయితీ వాళ్ళను వేరు వేరు వరసల్లో నిలబెట్టి, ఒకరి రసీదు మరొకరికి చెల్లకుండా చేస్తుంది.

ఇదంతా అమెరికా సంగతి, మనకేమిటి అనడానికి వీల్లేదు. వారిది క్రెడిట్ అయితే మనవారిది మినహాయింపు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80సి అనే సెక్షన్ కింద ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఇచ్చారు. బీమాతోనూ ప్రావిడెంట్ ఫండుతోనూ కలిపి దాని హద్దు 1,50,000 రూపాయలు. 80ఇ కింద విద్యారుణం మీద కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ళపాటు మినహాయింపు ఇచ్చారు. 2025లో చేసిన కొత్త చట్టం సెక్షన్ల అంకెలు మార్చింది గాని సూత్రం మార్చలేదు. మినహాయింపు క్రెడిట్‌కంటే అన్యాయమైనది. క్రెడిట్ పన్నులోనుంచి పోతుంది. మినహాయింపు ఆదాయంలోనుంచి పోతుంది. నూరు రూపాయల వడ్డీ కట్టిన పెద్ద జీతగాడు నూటికి ముప్ఫై పన్ను కట్టే అంతస్తులో ఉంటే అతనికి 30 రూపాయలు మిగులుతాయి. నూటికి అయిదు కట్టే గుమాస్తాకు 5 రూపాయలు మిగులుతాయి. పన్నే పడని రైతుకు, కౌలుదారుకు, ఆటో నడుపుకునేవాడికి ఏమీ మిగలదు. మన దేశంలో నూటికి తొంభైమందికి పైగా ఆదాయపు పన్ను కట్టేవారు కారు. వ్యవసాయ ఆదాయం మీద ఆ పన్ను లేనే లేదు. మెట్టపొలం తాకట్టుపెట్టి కొడుకును ఇంజనీరింగ్‌లో చేర్పించిన అనంతపురం రైతు, నల్లగొండ రైతు కట్టే వడ్డీ ఈ చట్టానికి కనబడదు. కలెక్టరు గారు కట్టే వడ్డీ కనబడుతుంది.

అమెరికా మాట ఎత్తాం కనక అక్కడికి వెళ్ళిన మన పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. 2023-24లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారి సంఖ్య ఎంత గణనీయమో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారు మొదటి అయిదేళ్ళు సాధారణంగా పన్ను చట్టం దృష్టిలో అనివాసులు. అనివాసులకు ఈ క్రెడిట్లు వర్తించవు. స్థానికుడు కట్టేదానికంటే చాలా ఎక్కువ ఫీజు కట్టి, అక్కడి కాలేజీల ఖజానా నింపుతున్న ఈ పిల్లల తండ్రులకు అక్కడ క్రెడిట్ లేదు. పన్ను కట్టే ఆదాయం లేకపోతే ఇక్కడ మినహాయింపూ లేదు. "అమెరికాలో చదువుకు ఎదురు డబ్బిస్తారు" అనే మాట వారి ముందు అంటే వారు నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో ఉంటారు.

మరొక సంగతి. 2020లో మన ప్రభుత్వం పన్నుకు ఒక కొత్త పద్ధతి తెచ్చింది. అందులో రేట్లు తక్కువ. ఈ చదువు మినహాయింపులు లేవు. 2023-24 నుంచి దానినే మామూలు పద్ధతిగా చేసి, పాతదాన్ని కోరి ఎంచుకునేవాడికి వదిలేశారు. ఎన్నో ఏళ్ళుగా పొందిన రాయితీని ఒక గడిలో టిక్కు పెట్టించి వదిలించుకున్నారు. ఊరేగింపులు లేవు, సమ్మెలు లేవు. ఎవరికి ఏది లాభమో లెక్కలు వేసుకోవడంలో అందరూ మునిగిపోయారు. హక్కుకూ రాయితీకీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తున్నది. ఒక బడిని మూసేస్తే ఊరు ఊరంతా బయటికి వస్తుంది. ఒక మినహాయింపును ఎత్తేస్తే ఎవరి కాలిక్యులేటరు వారు తీస్తారు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో చూసిన దృశ్యం మరిచిపోలేను. అది జనవరి నెల. జీతాల గుమాస్తా అడిగాడని, స్టాఫ్ రూములో మేమంతా పిల్లల స్కూలు ఫీజుల రసీదులు, బీమా రసీదులు వెతికి ఫారాలకు జతచేస్తున్నాం. నా రసీదు ఒకటి పోయిందని నేను ఉదయం నుంచీ మహా ఆందోళనలో ఉన్నాను. ఆఫీసు గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. చదువు ముగించి ఏడు నెలలయింది. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు బకాయి రాలేదని సర్టిఫికెట్ ఆపారు. ఉద్యోగానికి పిలిచిన చోట గడువు రెండు రోజుల్లో ముగుస్తుంది. "సార్, మీరొక మాట చెప్పండి" అని నన్నడిగింది. "చూద్దామమ్మా" అన్నాను. ఆమె వెళ్ళిన తర్వాత మళ్ళీ రసీదు వెతకడంలో పడ్డాను. రసీదు దొరికింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. మాలో ఎవరమూ దుర్మార్గులం కాము. ఆ గదిలో మాలో సగంమందిమి సంఘ సభ్యులం. మా చదువు ఖర్చు ఒక ఫారంలోకీ, ఆమె చదువు ఖర్చు మరొక ఫారంలోకీ వెళ్ళాయి. రెండు ఫారాలూ ఎక్కడా కలవవు. అందుకే మేమూ ఆమే ఎక్కడా కలవలేదు.

ఆ అమ్మాయికి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంటు పన్ను రాయితీకంటే మెరుగైనదని ఒప్పుకోవాలి. పన్ను కట్టని ఇంటికి కూడా అది చేరుతుంది. దాని కోసం పోరాడిన విద్యార్థి సంఘాలు మంచిపనే చేశాయి. కాని దానిలో కూడా ఆ మూలసూత్రమే ఉన్నది. ముందు ఫీజు అనేది ఒకటి ఉంటుంది. దాన్ని ఒక ప్రైవేటు యజమాని వసూలు చేస్తాడు. ప్రభుత్వం తర్వాతెప్పుడో చెల్లిస్తుంది, లేదా చెల్లించదు. ఆ నడుమ విద్యార్థి భవిష్యత్తు బీరువాలో తాకట్టు ఉంటుంది. ఆ సొమ్మే ప్రభుత్వ కాలేజీలకు నేరుగా పోయి ఉంటే, ఖాళీగా ఉన్న అధ్యాపకుల కుర్చీలు నిండేవి, కారే కప్పులు బాగయ్యేవి. జాతీయాదాయంలో నూటికి ఆరు వంతులు విద్యకు ఖర్చుపెట్టమని 1966లో కొఠారి కమిషన్ చెప్పింది. ఆ ఆరుకు మనం ఇంతవరకు చేరలేదు. చేరనందువల్ల వచ్చిన లోటును తల్లిదండ్రుల నెత్తిన వేసి, దానిలో చారెడు తిరిగిచ్చి, దానినే సంక్షేమమంటున్నాం.

కనక మనం అడగవలసిందేమిటో స్పష్టంగానే ఉన్నది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఫీజు ఉండకూడదు. ఆ ఖర్చు ప్రభుత్వం ముందుగా, నేరుగా, సంస్థలకే చెల్లించాలి. దానికి కావలసిన డబ్బు ఎక్కువ ఉన్నవాడి దగ్గర ఎక్కువ పన్నుగా వసూలు చెయ్యాలి. పన్నులో న్యాయం ఉండవలసింది వసూలు దగ్గర. ఖర్చు దగ్గర అందరూ సమానులే. ధనికుడి కొడుకు కూడా ఉచితంగా చదువుకుంటాడే అని కొందరు బాధపడతారు. చదువుకోనివ్వండి. వాడి తండ్రి దగ్గర వసూలు చెయ్యవలసినది పన్నుల ఆఫీసులో వసూలు చేద్దాం, కాలేజీ గుమ్మం దగ్గర కాదు. కాలేజీ గుమ్మం దగ్గర వసూలుబల్ల అంటూ ఒకటి పడితే దాని ముందు చివరకు నిలబడేది బీదవాడే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. వచ్చే బడ్జెటు ముందు మనం మళ్ళీ కోరికల జాబితా రాస్తాం. మినహాయింపు హద్దు పెంచమనే వాక్యం అలవాటుగా కలం చివరికి వస్తుంది. దాన్ని రాసేముందు, పన్ను కట్టని ఇంటినుంచి వచ్చి మన క్లాసులో కూర్చున్న పిల్లల సంఖ్య ఎంతో ఒక్కసారి లెక్కపెట్టుకుందాం. ఆ వాక్యం వల్ల వారిలో ఎందరికి మేలు జరుగుతుందో అడుగుదాం. ఒక్కరికీ జరగదని తేలితే ఆ వాక్యం కొట్టేసి, దాని స్థానంలో "ఫీజు ఎందుకు?" అని రాద్దాం. న్యూయార్క్ నగరం నూట ఇరవై తొమ్మిదేళ్ళు ఫీజు లేకుండా కాలేజీ నడిపింది. అది ఊహాస్వర్గం కాదు, జరిగిన చరిత్ర. జరిగినది మళ్ళీ జరగడానికి వీల్లేదనేవాళ్ళు, ఎందుకు వీల్లేదో ముందు చెప్పాలి.